పుల్లప్ప ఎత్తుగడ

ఏడు సీమలున్న పెద్ద అడవి ఒకటి. ఆ ఏడాది అక్కడ అధ్యక్ష ఎన్నిక వచ్చింది. ఏ సీమలో ఎవరికి ఒక్క ఓటు ఎక్కువొచ్చినా ఆ సీమంతా వాళ్లదే. మూడు సీమలు జింక పొడలమ్మవి, మూడు తోడేలు కోరయ్యవి అయిపోయాయి. తేల్చాల్సింది రెల్లుసీమ. అక్కడ కుందేళ్ల ఓట్లు అరవై అయిదు, నక్కలవి ముప్పై అయిదు.

పొడలమ్మ గెలుపు ఖాయం. కానీ కుందేళ్ల పెద్ద పుల్లప్పకి ఖాయం సరిపోలేదు.

"అమ్మా, నేనూ నిలబడతాను. మాంసం, మాంసం అని అరుస్తాను. సగం నక్కలు నాకే వేస్తాయి. కోరయ్యకి డిపాజిట్ కూడా దక్కదు!"

"గెలిచేదానికి ఎందుకయ్యా ఈ తిప్పలు?" అంది పొడలమ్మ.

"రాజకీయం మీకు తెలీదమ్మా."

మొదటి సభలోనే పుల్లప్ప గొంతు చించుకున్నాడు. "నన్ను గెలిపిస్తే నక్కకి వారానికో కుందేలు!"

"కోరయ్య రోజుకొకటి అన్నాడు," అని ఓ నక్క ఆవులించింది.

వెనక వరసల్లో కుందేళ్లు మాత్రం చప్పట్లతో హోరెత్తించాయి. "మనోడు ఎంత ధాటిగా మాట్లాడుతున్నాడో!"

పుల్లప్ప కంగారుగా వాళ్ల మధ్యకి దూకాడు. "ఒరేయ్, నాకు వేయకండ్రా! ఇది ఎత్తుగడ!"

"ఎంత వినయం!" అని ఓ ముసలి కుందేలు కళ్లు తుడుచుకుంది.

ఓట్లు లెక్కపెట్టి తాబేలు చదివింది. కోరయ్యకి ముప్పై అయిదు. పొడలమ్మకి ముప్పై నాలుగు. పుల్లప్పకి ముప్పై ఒకటి. రెల్లుసీమతో పాటు అడవంతా తోడేలుదైంది.

ఇంటికొచ్చాక భార్య గరికమ్మ అడిగింది. "ఏమయ్యా, నువ్వెవరికేశావు?"

పుల్లప్ప చెవులు వాల్చాడు. "ఒక్కటీ రాకపోతే పరువు పోతుందని... నాకే వేసుకున్నా. మరి నువ్వు?"

"కట్టుకున్నోణ్ణి కాదని ఇంకెవరికేస్తాను?"

ఆ రెండూ పొడలమ్మకి పడుంటే ముప్పై ఆరుతో ఆవిడే గెలిచేది.

ఇంతలో బయట డప్పులు. కోరయ్య కబురు పంపాడు: పుల్లప్పని కుందేళ్ల సంక్షేమ మంత్రిని చేశాడట! కుందేళ్లు పొంగిపోయి అతన్ని భుజాలకెత్తుకున్నాయి.

"దించండ్రా! పారిపోండ్రా!" అని పుల్లప్ప అరిచాడు. డప్పుల్లో ఎవరికీ వినపడలేదు. దారికి రెండువైపులా నక్కలు మర్యాదగా నిలబడి, ఒక్కొక్క కుందేలునీ ఎగాదిగా చూస్తున్నాయి.

నీతి: మనవాడు నిలబడితే చాలు, మనం పడిపోయినా గెలిచినట్టే.