అసిస్టెంట్ కోచ్ అడిగిన ఫొటోలు

లైల్ హాగన్‌ని ఊళ్ళో అందరూ ‘అనుమానాల లైల్’ అంటారు. అలా అంటారని అతనికి ఎప్పటినుంచో అనుమానం.

ఉద్యోగం కూడా అలాంటిదే దొరికింది. విస్కాన్సిన్‌లోని ఆ చిన్న ఊరి చీజ్ ఫ్యాక్టరీలో పాల ట్యాంకర్ రాగానే మూత తీసి, వాసన చూసి, మొహం చిట్లించడం అతని పని. సాయంత్రం ఆ మొహాన్ని అలాగే ఇంటికి తెచ్చుకుంటాడు.

కూతురు బ్రీటాకి పదిహేడేళ్ళు. వరసగా నిలబెట్టిన పిన్నుల్ని బంతి దొర్లించి పడగొట్టే బౌలింగ్‌లో, తను బంతి వదిలిందంటే అవి చెల్లాచెదురైపోవాల్సిందే. పక్క కౌంటీ కాలేజీ జట్టులో చోటు దొరికితే ఆ పిల్ల జన్మ ధన్యం. అక్కడ అప్లికేషన్ పెట్టకముందే పిల్లలు కోచ్‌కి రాసి పరిచయం చేసుకోవాలి. కోచ్‌కి నచ్చితే అడ్మిషన్ సగం అయినట్టే.

“పిల్లలే రాయాలి. తల్లిదండ్రులు రాశారని తెలిస్తే కోచ్‌లు ఆ పేరు పక్కన పెట్టేస్తారు,” అని స్కూలు మీటింగ్‌లో టీచరమ్మ నొక్కి నొక్కి చెప్పింది. అప్పుడు లైల్ వెనకాల కాఫీ కెటిల్ దగ్గర నిలబడి, ఆ కాఫీ నిన్నటిదా ఇవాళ్టిదా అని తేల్చుకునే పనిలో ఉన్నాడు.

“బ్రీటా కోచ్‌కి రాసిందా?” అని ఒకరోజు భార్య జోడీని నిలదీశాడు.

“రాస్తుందిలే.”

“రాస్తుందిలే అంటే రాయలేదనేగా? తల్లీకూతుళ్ళు కలిసి ఏదో దాస్తున్నారు నా దగ్గర.”

“అవును, కేక్ ముక్క దాచాం. నువ్వు పెద్ద ముక్క ఎవరికి పెట్టానో కొలుస్తావని.”

లైల్ ఇక లాభం లేదనుకున్నాడు. కూతురి భవిష్యత్తు ఆడవాళ్ళ ‘లే’ మీద వదిలేస్తే గంగలో కలుస్తుంది. తనే రాయాలి, బ్రీటా పేరుతో.

“ఆ కోచ్ ఈమెయిల్ అడ్రస్ ఏంటో చూడు.”

బంగాళాదుంపలు చెక్కుతున్న జోడీ తలెత్తింది. “నీకెందుకు?”

“ఊరికే. తండ్రన్నాక తెలుసుకోకూడదా?”

“ఎందుకు కూడదు?” అంటూ ఆమె చేతులు తుడుచుకుని, ఫోను తీసుకుని పక్క గదిలోకి వెళ్ళింది. కాసేపటికి వచ్చి, ఒక్కో అక్షరం ఆగి ఆగి చెప్పింది. అతను రెండువేళ్ళతో కొట్టుకున్నాడు.

“గౌరవనీయులైన కోచ్ గారికి,” అని మొదలుపెట్టాడు. “నేను పదిహేడేళ్ళ అమ్మాయిని. ఈ కాలం పిల్లలకి క్రమశిక్షణ లేదని నా గట్టి అభిప్రాయం. నా ఆటకి కారణం మా నాన్నగారు, చాలా తెలివైన మనిషి. చలికాలంలో నాకు మోకాళ్ళు కాస్త పట్టేస్తాయి గానీ, వేడినీళ్ళ కాపడంతో సర్దుకుంటాయి.”

మర్నాడే అసిస్టెంట్ కోచ్ స్టెర్న్ పేరుతో జవాబు వచ్చింది. “బ్రీటా, ఆట సంగతి తర్వాత. మేము ముందు కుటుంబం క్రమశిక్షణ చూస్తాం. మీ ఇంటి చూరుకున్న వాననీటి గట్టర్లలో ఆకులు ఎవరు తీస్తారు? ఫొటో పంపగలవు.”

లైల్ మొహం చిట్లించాడు. కాలేజీవాళ్ళకి గట్టర్లతో ఏం పని? కానీ ఆలోచించేకొద్దీ ఆ స్టెర్న్ మీద గౌరవం పెరిగింది. మనిషిని అడిగితే గొప్పలు చెబుతాడు, అదే గట్టరైతే నిజం చెబుతుంది. వీడెవడో తనకంటే పెద్ద అనుమానాల మనిషి!

కూతురి పేరుతో దొంగ ఉత్తరం రాసిన ఆ పెద్దమనిషికి, గట్టర్ల విషయంలో అబద్ధమాడటానికి మాత్రం మనసొప్పలేదు. నిచ్చెన వేసుకుని పైకెక్కాడు.

“నేను మూడేళ్ళుగా మొత్తుకుంటుంటే ఇవాళ జ్ఞానోదయమైందా?” అంది కింద నిలబడ్డ జోడీ.

“నా ఇల్లు, నా గట్టరు. నీకెందుకంత అనుమానం?”

“అబ్బే, నాకా! నిచ్చెన పట్టుకోనా?”

తర్వాత స్టెర్న్ అత్తగారి గురించి అడిగాడు. ఆదివారం ఆవిడని చర్చికి ఎవరు తీసుకెళ్తారు? లైల్ తీసుకెళ్ళాడు. దారి పొడవునా ఆవిడ తన నడుంనొప్పి కథ చెప్పింది. వింటున్నట్టు ఫొటో కూడా తీయించుకున్నాడు.

ఆ తర్వాత అతని గుండెలో గునపం దిగింది. జింకల వేట మొదలయ్యే శనివారం మధ్యాహ్నానికల్లా బేస్‌మెంట్ శుభ్రమై ఉండాలట! ఆ శనివారం వేటకి పోకుండా ఇంట్లో ఉండే మగాడు ఆ ఊళ్ళో లేడు.

“వేటకెళ్ళవా?” అంది జోడీ.

“ఈ ఏడు జింకల మీద జాలేసింది.”

“బతికిపోయాయి,” అని ఆమె గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది. లోపల కొళాయి చప్పుడు, దానిమీద ఇంకేదో చప్పుడు. దగ్గయి ఉంటుందనుకున్నాడు.

బేస్‌మెంట్‌లో పాత టీవీల వెనకాల, తడిగుడ్డ చుట్టిన చిన్న గుండ్రటి చీజ్ ఒకటి కనపడింది. పైన సన్నగా తెల్లటి బూజు. ఓహో! తల్లీకూతుళ్ళు దాస్తున్నది ఇదన్నమాట! విప్పి వాసన చూశాడు. అలవాటుకొద్దీ మొహం చిట్లించబోయాడు గానీ చిట్లలేదు. చిన్న ముక్క కోసి నోట్లో వేసుకున్నాడు. పని వారంపాటు సాగింది. ఎప్పుడు కిందికి దిగినా ఒక ముక్క, చివరికి కోసే ఓపిక లేక కొరుకుడే. గుడ్డ మాత్రం జాగ్రత్తగా మళ్ళీ చుట్టేవాడు.

ఆ శనివారం మధ్యాహ్నం ఇంటిముందు కారాగింది. కాలేజీ చొక్కా వేసుకున్న పొడుగాటి ఆవిడ దిగింది. “నేను కోచ్ రెంఫ్రో. బ్రీటా రమ్మంది.”

లైల్ పరుగున ఎదురెళ్ళాడు, వెనకే జోడీ, బ్రీటా. “గట్టర్లన్నీ శుభ్రం, మేడం! కావాలంటే నిచ్చెన ఉంది. బేస్‌మెంట్ కూడా అయిపోయింది. మీ స్టెర్న్ గారు రాలేదా?”

“స్టెర్న్ ఎవరండీ?”

“మీ అసిస్టెంట్ కోచ్.”

“నాకు అసిస్టెంట్ లేడు. కాలేజీవాళ్ళని అడిగి అడిగి విసిగిపోయాను.”

లైల్ మెల్లగా జోడీ వైపు తిరిగాడు. ఆమె ఆకాశంలోకి, సరిగ్గా గట్టర్ల వైపు చూస్తోంది.

“బ్రీటా ఆగస్టులోనే నాకు రాసింది,” అంది కోచ్. “రెండే పేరాలు. ‘మా నాన్న ప్రతి మ్యాచ్‌కి వస్తాడు, నేను గెలిస్తే స్కోరు మిషన్ చెడిపోయిందేమోనని వెళ్ళి చూసొస్తాడు’ అని రాసింది. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్లకి పొగరుండదని అప్పుడే అనుకున్నాను.”

లైల్ నిచ్చెన సంగతి మరిచిపోయి కూతురి వైపు తిరిగాడు.

“ఆ కాలేజీలో డెయిరీ కోర్సు ప్రొఫెసర్ గారికి కూడా రాశాను నాన్నా,” అంది బ్రీటా. “చీజ్ సొంతంగా చేసి పంపమన్నారు. కోచ్ పట్టుకెళ్తానన్నారు. ఆయనకి నచ్చితే ఆ కోర్సులో నా సీటు గురించి మాట్లాడతారట. ఉండండి, తెస్తాను.”

లైల్ అడ్డం వెళ్ళేలోపే బేస్‌మెంట్‌లోంచి ఆ తడిగుడ్డ మూట వచ్చేసింది. బ్రీటా గుడ్డ విప్పింది. అందులో బొటనవేలంత ముక్క, దానిమీద లైల్ పంటిగాట్లు.

బ్రీటా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “రెండు నెలలు మాగబెట్టాను!”

“నేను… మీరిద్దరూ దాస్తున్నారని…” అన్నాడు లైల్. ఏడవబోతున్న పిల్లని చూస్తే, నేల చీలి బేస్‌మెంట్‌లో పడిపోతే బాగుండుననిపించింది. ఎలాగూ కింద శుభ్రంగానే ఉంది.

జోడీ నవ్వు కూడా ఆగిపోయింది. బేస్‌మెంట్‌కి పంపింది తనే కదా.

కోచ్ ఆ ముక్కని ఎగాదిగా చూసింది. “మీరేం పని చేస్తారు?”

“పాలు వాసన చూస్తాను. బాగోలేకపోతే ట్యాంకర్ వెనక్కి పంపేస్తాను.”

“దీనికి వంక పెట్టారా?”

లైల్ తల దించుకున్నాడు. “ఒక్కటీ దొరకలేదు.”

“అయితే ఈ ముక్క చాలు. మిగతాది ఏమైందో ప్రొఫెసర్‌కి నేను చెబుతాను. మూడు నెలల్లోపు ఇంకోటి చేసి పంపు బ్రీటా, దాన్ని తాళం వేసి ఉంచు.”

బ్రీటా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

కారు వెళ్ళిపోయాక లైల్ భార్య వైపు తిరిగాడు. “నన్ను ఇన్నాళ్ళు ఆడించావా?”

“పిల్ల ముందే రాసిందంటే దాన్ని దిద్దుతానంటావని చెప్పలేదు, నీకిచ్చిన అడ్రస్ కూడా నాదే. నీ ఉత్తరం నిజంగా కోచ్‌కి వెళ్ళుంటే ఆ మోకాళ్ళతో పిల్ల పేరు అక్కడే కొట్టేసేవాళ్ళు. అయినా లోకాన్నంతా అనుమానిస్తావు, నన్నొక్కదాన్ని ఎందుకు వదిలేశావు?”

లైల్ విసవిసా లోపలికి వెళ్ళాడు. తుపాకీ భుజాన వేసుకున్నాడు, మిగిలిన సాయంత్రమైనా జింకలకి భయం పెడదామని. జేబులో ఫోను మోగింది. స్టెర్న్.

“శభాష్. ఇక గరాజ్ ఒక్కటే మిగిలింది. ఫొటో పంపగలరు.”

లైల్ వంటింటి కిటికీ వైపు చూశాడు. జోడీ చేయి ఊపింది. అతను తుపాకీ లోపల పెట్టి చీపురు తీసుకున్నాడు.