హాల్‌బర్డుకు కుంకుమ బొట్టు

తుపాకులూ ఫిరంగులూ ఎన్ని వచ్చినా, ఈ ప్రపంచంలో ఆయుధాన్ని నిజంగా ఓడించగలిగింది ఒక్కటే: ఆఫీసు. కావాలంటే పెనుకొండలోని పొడుగాయుధాల వర్గీకరణ ఉపకార్యాలయాన్ని చూడండి. (అలాంటిదొకటి ఉందని మీకు తెలియదంటే మీ దగ్గర పొడుగాయుధం లేదన్నమాట. అదృష్టవంతులు.)

1998లో హిందూపురంలో కొలిమి నడిపే షంషుద్దీన్‌కు అమెరికా నుంచి ఒక ఆర్డరు వచ్చింది. ఆ దేశం ఇంగ్లండు రాజు కింద ఉన్న కాలాన్ని యాత్రికులకు ఆడి చూపించే ఊరొకటి అక్కడ ఉంది. వాళ్లకు హాల్‌బర్డులు కావాలి. పొడవాటి కర్ర, కొసన ఈటె, ఒక పక్క గొడ్డలి, ఇంకో పక్క కొక్కెం, హాల్‌బర్డంటే అంతే. యూరప్‌లో గుర్రపు రౌతులను కిందికి లాగిన ఈ సరుకు, ఓడెక్కి అమెరికా పోయాక అక్కడి అడవుల్లో కొమ్మలకు తగులుకోవడం తప్ప పెద్దగా పొడిచిందేమీ లేదు. చివరికి గవర్నరు చర్చికి పోతే పక్కన పట్టుకుని నడవడానికీ, సార్జెంటు సిపాయిల వరస సరిచేయడానికీ మిగిలింది. ఒక్క మాటలో, హోదా కర్ర.

షంషుద్దీన్‌కు ఈ ఆర్డరు ప్రాణంతో సమానం. ముఠా కక్షల్లో చెల్లెలి మొగుణ్ణి ఎవరో నడిరోడ్డులో వేటకొడవళ్లతో నరికేసిన రోజున, మనిషి మీదికి దిగే ఇనుమును తన కొలిమిలో కాల్చనని ఒట్టేసుకున్నాడాయన. నాగళ్ల పని ట్రాక్టర్లు మింగేశాక ఆ ఒట్టుతో బతకడం కష్టమైంది. ఈ సరుకు అందితే ఏటా ఆర్డరిస్తామని అమెరికావాళ్లు రాశారు.

ధర్మవరంలో రైలెక్కించాల్సిన సరుకును దారిలో పెనుకొండ దగ్గర ఆపారు. వర్గీకరణాధికారి హనుమంతరాయుడుగారు దాన్ని దూరం నుంచే పరిశీలించారు.

"ఏమప్పా, ఎవర్ని నరికేకి ఇవి?"

"ఎవర్నీ కాదు సార్. పట్టుకొని నిలబడేకి. పదునే పెట్టలేదు, వంకాయ గూడా తెగదు."

"నిలబడేకి ఇంత ఇనుము యాల? ఏ యుద్ధానికో చెప్పు."

అమెరికా ఇంగ్లండుతో చేసిన యుద్ధం ముగిసి రెండొందల ఏళ్లు దాటిందని చెప్పగా, ముగిసినట్టు ధ్రువపత్రం తెమ్మన్నారు. గెలిచినవాళ్లది చెల్లదు (గెలిచినవాళ్లు ఏమైనా రాస్తారు). ఓడినవాళ్ల సంతకమే కావాలి. ఓడింది ఇంగ్లండు. ఆ దేశపు అధికారి ఈడ యాడ దొరుకుతాడని షంషుద్దీన్ అడిగితే, "నలభై ఏడుకు ముందు వచ్చి ఉంటే అయిపోయేదప్పా, ఆలస్యం చేసినావు" అని సూపరింటెండెంటు లక్ష్మీనారాయణ ఎంతో జాలిపడ్డారు.

ఈలోగా దసరా వచ్చింది. పేరులో ఆయుధాలున్నా ఆ ఆఫీసులో ఏనాడూ ఒక్క ఆయుధం లేదు. ఆయుధపూజకు ఏటా స్టేప్లరుకూ గుండుసూదుల డబ్బాకూ బొట్టు పెట్టి సరిపెట్టుకునేవారు. ఆ ఏడాది హాల్‌బర్డులను కడిగి, పసుపు కుంకుమ పెట్టి, ఈటె మొనలకు నిమ్మకాయలు గుచ్చి, గుమ్మడికాయ కొట్టారు. మర్నాడు షంషుద్దీన్ హనుమంతరాయుడుగారి దగ్గరికి వచ్చాడు.

"ఓడ పోతాది సార్. నా సరుకు ఇచ్చేయండి సార్, మీకు దండం పెడతా."

"పూజ చేసిండేది యాడన్నా వాపసిస్తారా? అపచారం గాదా? ఇవింక ఆఫీసువే."

అలాంటి నిబంధన ఉందా? ఆ సాయంత్రానికి పుట్టింది. సిగ్గుండాలి! అప్పట్నుంచి హనుమంతరాయుడుగారు జీపు దిగితే చాలు, ఇద్దరు అటెండర్లు హాల్‌బర్డులు పట్టుకుని ముందు నడుస్తారు. మరుసటి ఏడు ఆగస్టు పదిహేనున జెండాకు అటూ ఇటూ ఇవే నిలబెట్టారు, తెల్లదొరలను వెళ్లగొట్టిన సంతోషంలో.

అమెరికావాళ్లు వేరేచోట చేయించుకున్నారు. కొలిమి చల్లారిన కొన్నాళ్లకు షంషుద్దీన్ ఇంటి ముందు తెల్ల సుమో ఆగింది. దిగినవాళ్లకు వేటకొడవళ్లు కావాలి, బాగా పదునుగా. కాదనడానికి ఇంట్లో బియ్యం లేవు, అవుననడానికి నోరు రాలేదు. ఆఫీసే అడ్డుపడుతుందన్న ఒక్క ఆశతో ఆయన పెనుకొండ పోయి, లైసెన్సు లేకుండా ఇవి చేయొచ్చా సార్ అని అడిగాడు.

కొడవలి వ్యవసాయ పనిముట్టనీ, ఏ అనుమతీ అక్కర్లేదనీ హనుమంతరాయుడుగారు అప్పటికప్పుడు రాసిచ్చారు. రైతులకు ఆలస్యం కాకూడదని సంతకం నిలబడే చేశారు.