పదకొండో నిబంధన

ఆ పట్టణంలో మంజూరు కాని వాక్యం అధికారుల చెవికి వినపడదు. ఎంత గట్టిగా అరిచినా వాళ్లకి పెదాలు కదలడమే కనిపిస్తుంది. అందుకని మున్సిపాలిటీ మెట్ల కింద వాక్య మంజూరు శాఖ పెట్టారు. అక్కడి గుమాస్తా సింహాద్రప్పడికి మాత్రం అన్నీ వినపడతాయి. ఆ సీటుకి బదిలీ కోరుకునేవాళ్లు లేరు.

మూడో సోమవారం కూడా పైడమ్మ వచ్చింది.

"కుళాయిలో మురుగునీళ్లొస్తన్నాయి బాబూ. మా నీలవేణికి కామెర్లొచ్చేసినాయి. ఇంజనీరుగారికి చెప్పాల."

సింహాద్రప్పడు ఆ మాటలు బల్లమీది మంజూరు యంత్రంలో వేశాడు. యంత్రానికి పదకొండు నిబంధనలు. ఏ శాఖ పక్కనా చెడ్డ మాట ఉండకూడదు. జబ్బు పేరు రాకూడదు. ఏడు పదాలు దాటకూడదు. ఇలాంటివి పది, అన్నీ తప్పనిసరి. వాక్యం నిజమై ఉండాలన్న పదకొండోది మాత్రం వీలైతే పాటించవచ్చు.

"మురుగు కుదరదమ్మా, చెడ్డ మాట."

"మరేటనాల?"

"రంగునీళ్లు అని చూద్దాం."

యంత్రం అదీ కొట్టేసింది. వాసన అన్నారు, కొట్టేసింది. పిల్ల అంటే వయసు ధ్రువపత్రం అడిగింది. మూడు వారాలుగా ఇదే తంతు. ఎవరికైనా ఒళ్లు మండుతుంది, పైడమ్మకీ మండింది. కానీ వెనక నలభైమంది నిలబడి ఉన్నారు, వాళ్లకీ మండుతోంది.

మధ్యాహ్నానికి యంత్రం ఒక వాక్యం ఇచ్చింది: "మా వీధికి నీళ్లు బాగా వస్తున్నాయి, ధన్యవాదాలు."

"ఇది అబద్ధం కదా బాబూ!"

"పదకొండోది సడలించాం. ఎప్పుడూ దాన్నే సడలిస్తాం. మిగతావి సడలవు."

"ఇది కూడా చెప్పకపోతే?"

"మళ్లీ సోమవారం రావాలి."

పిల్ల నాలుగు రోజులుగా మంచం దిగలేదు. ఏదో ఒకటి ఇంజనీరుగారి చెవిన పడితే ఒకసారి వీధిలోకి వచ్చి చూస్తాడేమో అనుకుంది పైడమ్మ. మేడమీదికెళ్లి ఆ వాక్యం అప్పజెప్పింది.

ఇంజనీరు తలెత్తాడు. ఆయనకి నిజంగా సంతోషం కలిగింది.

"ఇన్నాళ్లకి ఒక్కరైనా వచ్చి చెప్పారు. మీ వీధికి ఇంకో రెండు గంటలు ఎక్కువ ఇస్తాం," అంటూ అక్కడికక్కడే సంతకం చేశాడు. వీధిలోకి రావాల్సిన అవసరం ఆయనకి కనిపించలేదు.

రోజూ రెండు గంటలొచ్చే కుళాయి ఆ సాయంత్రం నాలుగు గంటలు పారింది. వీధంతా బిందెలతో పరిగెత్తింది. పైడమ్మ కూడా ఉన్న బిందెలన్నీ నింపి, పక్కింట్లో రెండు అడిగి తెచ్చి అవీ నింపింది. వచ్చినప్పుడు పట్టుకోకపోతే ఎలా?

"అమ్మా, ఇంజనీరుగారు ఇన్నారా?" మంచంమీంచి అడిగింది నీలవేణి.

"ఇన్నారమ్మా."

పిల్ల దాహమంది. పైడమ్మ పాతచీర ముక్క నాలుగు మడతలేసి, గ్లాసెడు నీళ్లు వడకట్టి తాగించింది.