తాబేళ్ళ అరువు మాటలు

ఒక పెద్ద అడవిలో, ఏరు రెండు పాయలయ్యే చోట, తాబేళ్ళు ఎన్నో తరాలుగా కాపురం ఉంటున్నాయి. వాటి భాష ఇంకెవరి భాషకూ చుట్టం కాదు. ఆ మాటల్ని తడి బంకమట్టి మీద గోళ్ళతో గీసి, ఎండబెట్టి దాచుకునేవి.

వాటి పొలం మీద సభాపతి తురగరాయలు అనే గుర్రం కన్ను పడింది. గుర్రాలు ఆ అడవికి తర్వాత వచ్చినవే. ఊరికే లాక్కుంటే బాగుండదని, తురగరాయలు భాషాశాఖ అధ్యక్షుడు వాగీశం అనే నక్కను పిలిపించాడు.

నెల తిరక్కుండా నివేదిక వచ్చింది.

"తాబేళ్ళు ఎద్దును 'గు' అంటాయి, మీరు 'గౌ' అంటారు. వాటి పొలం 'అగర్', మీ పొలం 'అగ్ర'. ఇవి గుర్రాల దగ్గర తీసుకున్న అరువు మాటలు కావచ్చు."

"ఈ 'కావచ్చు' ఎందుకయ్యా?"

"పండితులు అలాగే రాస్తారండి. రేపు తప్పని తేలితే తప్పుకోడానికి."

"తీసెయ్."

నక్క తీసేశాడు.

మర్నాడు సభలో చట్టం చేశారు. మాట ఎవరిదో వస్తువు వాళ్ళది. కాబట్టి పొలం గుర్రాలది. మూడు రోజుల్లో తాబేళ్ళు ఖాళీ చెయ్యాలి.

చెలమమ్మ అనే ముసలి తాబేలు మెల్లగా ముందుకొచ్చింది. ఆమె గుడ్లు ఆ ఒడ్డు ఇసుకలోనే ఉన్నాయి, ఇంకా పిల్లలు కాలేదు.

"ఒకే రేవులో నీళ్ళు తాగినవాళ్ళం బాబూ. ఎవరి నోటి మాట ఎవరికి అంటిందో ఎవరు చూశారు?" అంది. ఎవరూ పట్టించుకోలేదు.

వెనక వరసలో గాడిద లేచింది. "అయ్యా, ఈ చట్టం అందరికీనా?"

"అందరికీ!" అన్నాడు తురగరాయలు దర్జాగా.

"అయితే వాగీశంగారూ, గుర్రాలు వాడే 'గడ్డి' అనే మాట ఎవరిదండీ?"

నక్క తన నివేదిక తిరగేశాడు. "అది... గాడిదల దగ్గర తీసుకున్నదే."

"'కావచ్చు' అనవయ్యా!" పళ్ళు కొరికాడు సభాపతి.

"తమరే తీసెయ్యమన్నారు కదండీ."

అలా పొలం గుర్రాలకీ, అందులో గడ్డి గాడిదలకీ వెళ్ళాయి. ఈలోగా "'సభ' మా మాట" అంటూ కాకులు దిగి కుర్చీలన్నీ పట్టుకున్నాయి. చట్టం రద్దు చెయ్యాలన్నా, తాబేళ్ళను వెళ్ళగొట్టాలన్నా సభే పూనుకోవాలి. కాకులేమో అన్నీ ఒకేసారి మాట్లాడతాయి, ఒక్కటీ వినదు.

గడువు దాటింది. నెల దాటింది. చెలమమ్మ పిల్లలు ఇసుక తోసుకుని ఏట్లోకి పాకాయి.

తురగరాయలు పస్తులు ఉండలేక ఒకరోజు గాడిద ముందు తలవంచుకు నిలబడ్డాడు.

"దరఖాస్తు పెట్టుకోండి, చూద్దాం," అంది గాడిద నములుతూ. "మా భాషలోనే రాయాలి సుమండీ."

నీతి: ఎదుటివాడి మాట ఎక్కడ పుట్టిందో తవ్వదలుచుకున్నవాడు ముందు మూగవాడై పుట్టాలి.