మంచులో దొరికిన కుర్చీలు

మంచు కురవడం ఆగిన శనివారం ఉదయం రెఫిక్ పెట్టుకున్న పని ఒక్కటే, రెండు కుర్చీలు కొనుక్కురావడం. షికాగోలో ఆ వీధికి వచ్చి మూడు నెలలైనా వాళ్ళ గడప ఎవరూ తొక్కలేదు. పొరుగువాళ్ళు వచ్చి కాఫీ తాగని ఇల్లు ఇల్లే కాదని బోస్నియా నుంచి వచ్చిన ఆ దంపతుల పట్టింపు. ధైర్యం చేసి పక్కింటి లొరెయిన్‌నీ, ఎదురింటి బస్సు డ్రైవరు కర్టిస్‌నీ ఆదివారం పిలిచారు. ఇంట్లో ఉన్నవి రెండే కుర్చీలు.

వీధిలోకి రాగానే రెఫిక్ ఆగిపోయాడు. రోడ్డు వారన మంచు గుట్టల మధ్య శుభ్రంగా తవ్విన రెండు ఖాళీ జాగాలు, ఒక్కోదాంట్లో ఒక్కో చెక్క కుర్చీ. ఒకదాని కాలు ఊగుతోంది, రెండోదాని వీపు సగం ఊడింది. ఈ దేశంలో అక్కర్లేని సామాను వీధిలో పెడతారనీ, కావలసినవాళ్ళు పట్టుకుపోవచ్చనీ అతనికి తెలుసు. వాళ్ళ మంచం అలా వచ్చిందే.

"పారేసేవాటికి కూడా చోటు తవ్వి పెట్టారు జుమ్రా. ఎంత మర్యాదస్తులో."

"మరింకేం, తెచ్చెయ్," అంది భార్య.

పొద్దంతా జిగురు పూసి, మేకులు కొట్టి, నీలం రంగు వేశాడు. సాయంత్రం జుమ్రా కిటికీలోంచి చూసి, "మన అతిథులిద్దరూ పోట్లాడుకుంటున్నారు," అంది.

రెఫిక్ కంగారుగా వెళ్ళి అడిగాడు. "ఆ ముసలమ్మ వస్తే నేను రాను," అన్నాడు కర్టిస్. "ఆ దొంగ వస్తే నేను రాను," అంది లొరెయిన్. కాఫీ ముందు కూర్చుంటే కోపం నిలవదని నమ్మిన రెఫిక్, అవతలివాళ్ళు రావడం లేదని ఇద్దరికీ చెప్పాడు.

ఆదివారం ఇద్దరూ వచ్చారు. ఒకరినొకరు చూసుకుని మూతులు ముడిచి, చెరో నీలం కుర్చీలో కూలబడ్డారు. జుమ్రా కాఫీ పోసింది. లొరెయిన్ చూపు మెల్లిగా కర్టిస్ కిందికి దిగింది.

"లే."

"ఎందుకు?"

"నువ్వు కూచున్నది మా ఆయన కుర్చీ."

కర్టిస్ వంగి ఆమె కుర్చీ వీపు చూశాడు. "నువ్వు కూచున్నది నాది."

ఇద్దరూ రెఫిక్ వైపు తిరిగారు.

"వీధిలో దొరికాయి," అన్నాడతను సంతోషంగా. "బాగా కుదిరాయి కదూ?"

"అయ్యా, మంచు తవ్వుకున్నవాడు తన జాగాలో కుర్చీ పెడతాడు," అన్నాడు కర్టిస్. "అది ఉన్నంతసేపూ అక్కడ ఇంకెవడూ బండి పెట్టడు. నువ్వు తీసేశావు, ఎవరెవరో వచ్చి బళ్ళు పెట్టేశారు. మేమేమో ఒకళ్ళనొకళ్ళు దొంగలనుకున్నాం."

రెఫిక్ మొహం పాలిపోయింది. మూడు నెలలకు వచ్చిన అతిథులు, ఇక రారు. "వెళ్ళేముందు కాఫీ అయినా తాగండి," అన్నాడు.

లొరెయిన్ లేచి వెళ్ళి, కర్టిస్ కిందున్న తన కుర్చీ కాలు పట్టుకుని కదిపి చూసింది. కదల్లేదు.

"ఆయన పోయినప్పట్నుంచీ ఇది ఊగుతూనే ఉంది," అని, కప్పు ముందుకు చాపింది. "ఇంకాస్త పొయ్యమ్మా."

"ముసలమ్మా, నిన్న నేనన్నవి..." అంటూ నసిగాడు కర్టిస్.

"చాల్లే, ఆ చక్కెర ఇటియ్యి."

చీకటిపడేదాకా ఎవరూ లేవలేదు.

ఆ కబురు వీధంతా పాకింది. మరుసటి వారం మళ్ళీ మంచు పడింది. తెల్లారేసరికి, బాగుచెయ్యమని ఇరుగుపొరుగు తెచ్చిపెట్టిన విరిగిన కుర్చీలు రెఫిక్ గుమ్మం ముందు బారుగా ఉన్నాయి.

ఈ దేశపు పద్ధతి ఇప్పుడు బాగా తెలిసిన రెఫిక్ ఒక్కదాన్నీ తాకకుండా, పక్కనుంచి ఒద్దికగా నడిచి వెళ్ళిపోయాడు.