గుత్తకిచ్చిన పైమేడ

ఆ ఆదివారం పొద్దున రామాంజినేయులు వేసుకున్న పథకంలో నష్టానికి చోటే లేదు. పదకొండు గంటలకు సోలార్ కంపెనీ మేనేజరు, కన్నడాయన గిరీశ్ పైమేడ చూడటానికి వస్తాడు. నచ్చితే ఇంజనీర్ల బసకు మూడేళ్ల ఒప్పందం. వల్లూరు చేలన్నీ ప్యానెళ్ల కిందికి పోయాక, తనలాంటి వేరుశనగ వ్యాపారికి అంతకు మించిన బేరం దొరకదు. ఇక మిగిలిన సరుకల్లా కింద గదిలో విత్తనానికని దాచిన ముప్పై మూటలే.

చిక్కల్లా పైమేడ నిండా పేరుకున్న దుమ్ము. వీధి చివర ఉండే సంజీవమ్మ వారమంతా ప్యానెళ్లు కడిగే మనిషి. సెలవునాడు పరాయి ఇంటి చీపురు పట్టనని తెగేసి చెప్పి, కాలేజీ సెలవుల్లో ఉన్న తన పిల్లలు రక్షితను, మధుకుమార్‌ను పంపింది. ఇద్దరికీ పదహారు, పదిహేడేళ్లు.

"దినకూలి ఎంతిస్తావు మామా?" అంది రక్షిత.

"దినకూలి ఇస్తే దినమంతా ఫోన్ చూస్తా కూచుంటారు. గుత్తకిస్తా. ఎంత బిరీన ముగిస్తే అంత బిరీన ఇంటికి పోండి."

"గుత్తంటే ఎట్ల చేసినా అడగకూడదు మల్ల," అన్నాడు మధుకుమార్.

"తళతళలాడితే సాలు. నేనేం అడగను."

ఒక పూట కూలి మిగిలిందని భార్య నల్లమ్మకు చెప్పి మురిసిపోతూ రెండో దోసె తుంచేసరికి, పైన జోరువాన చప్పుడు. ఎండాకాలంలో వానేమిటని బయటికి వచ్చాడు. వాకిట్లో నీళ్ల ట్యాంకరు గుడగుడమంటోంది. దాని పైపు కిటికీలోంచి పైమేడలోకి దూరింది.

"ఏందిరా ఇది? ఈ ట్యాంకర్ యాడిది?"

"మా చిన్నాయనది. డీజిల్ నీదేనంట," అని పైనుంచి మధుకుమార్ కేక. "ప్యానెల్ ఇట్లే కడుగుతారు మామా. పొడిగుడ్డ పెడితే గీతలు పడ్తాయని మాయమ్మ చెప్పింది."

"అది గోడరా! గోడకు గీతలేందిరా!"

"అడగనంటివి కదా మామా," అంది రక్షిత, బ్రష్ ఆపకుండా.

అప్పటికే నీళ్లు మెట్లు దిగి కింద గదిలోకి చేరాయి. ముప్పై మూటలూ అడుగునుంచి తడిశాయి. ఎండలో పోయకపోతే బూజు పట్టి, విత్తనం కాస్తా గానుగకు కూడా పనికిరాదు.

"బయటికి లాగండ్రా!"

"అది వేరే గుత్త మామా."

బేరమాడే వ్యవధి లేదు. ఒప్పుకున్నాడు. అరగంటలో సిమెంటు రోడ్డు ఈ గోడనుంచి ఆ గోడదాకా కాయలతో నిండిపోయింది. సరిగ్గా అప్పుడే ఒక జీపు వీధిలోకి తిరిగింది. తడిసిన లుంగీ ఎగ్గట్టి రామాంజినేయులు అడ్డంగా నిలబడ్డాడు.

"ఎవడైనా సరే, కాయల మింద చక్రం ఎక్కిందంటే మర్యాద ఉండదు! ఎనక్కి పో!"

జీపు వెనక్కి పోయి వీధి చివర ఆగింది. రామాంజినేయులు మరో పావుగంట కాయలు నెరుపుతూనే ఉన్నాడు.

"మామా, అందులో ఉండేది గిరీశ్ సార్," అన్నాడు మధుకుమార్.

"ముందే చెప్పొద్దారా!"

"నువ్వు యాడ చెప్పనిచ్చినావు?"

రామాంజినేయులు ఒట్టికాళ్లతో పరిగెత్తాడు. గిరీశ్ సంజీవమ్మ ఇంటి అరుగుమీద మజ్జిగ తాగుతున్నాడు. అప్పటికే ఆమె ఇంట్లో మూడు గదులూ చూసేశాడు. ఇంజనీర్లకు రోజూ జీపు తిరగాలని, మీ వాకిటిదాకా బండి రానివ్వరు కనుక ఈ అమ్మ ఇల్లే ఖాయం చేశానని కన్నడంలో ఎంతో మర్యాదగా చెప్పాడు.

రామాంజినేయులు అరుగు కింద కూలబడ్డాడు. మూడేళ్ల ఒప్పందం పోయింది. తడిసిన కాయ విత్తనానికి పోయి గానుగకే మిగిలింది. పైగా రెండు గుత్తలు, ఒక డీజిలు మీద పడ్డాయి.  

సాయంత్రం సంజీవమ్మ వచ్చింది.

"అన్నా, మా ఇల్లు ఇంజనీర్లకిచ్చేస్తిమి. మేముండేదానికి నీ పైమేడ బాడిగకిస్తావా?"

ఆయనకు ప్రాణం లేచి వచ్చింది. కంపెనీకి చెప్పాలనుకున్న రేటే చెప్పాడు.

"కూలోళ్లకు ఆ రేటా అన్నా! సగం ఇస్తా. ఊళ్లో ఇంగెవరిస్తారు నీకు?"

అరగంట వాదించి, సగానికే ఒప్పుకున్నాడు. ఆయన కోరుకున్నట్టే కంపెనీ బాడిగ ఆయన ఇంటికే వచ్చింది. కాకపోతే దారిలో సంజీవమ్మ దగ్గర సగం దిగిపోయింది.