ఒక ఇంట్లో ఇద్దరు 'నేను'లు

లిఫ్ట్ మెకానిక్ ఆ శనివారం పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. గడ్డం గీసుకోవాలి, కాఫీ తాగాలి, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని ఏడంతస్తుల మేడకు వెళ్లి అక్కడ మొరాయిస్తున్న లిఫ్టును దారికి తేవాలి. మధ్యాహ్నానికి ఇల్లు చేరి కాసేపు నడుం వాల్చాలి. ఇందులో ప్రాణభయమనే అంశం ఎక్కడా లేదు.

గడ్డానికి సబ్బు రాసుకున్నాక చూస్తే సంచీ కనిపించలేదు. వెతుక్కుంటూ పక్కగది దాకా వచ్చాడు. తలుపు ఓరగా తీసి ఉంది. లోపల అతని భార్య నిలువుటద్దం ముందు నిలబడి ఉంది. చీర మీద అతని ఖాకీ చొక్కా, ముక్కు మీద అతని పాత కళ్లజోడు, భుజాన అతని సంచీ. ఎడమ భుజం కొంచెం కిందికి జారి ఉంది, అచ్చం అతనిది జారినట్టే. అతనిలాగే రెండుసార్లు పొడిదగ్గు దగ్గింది.

"నేను లిఫ్ట్ మెకానిక్‌ని," అంది అద్దంతో. "ఊళ్లో సగం లిఫ్టులు నా చేతిమీదుగానే నడుస్తున్నాయి. కానీ లిఫ్టు ఎక్కాలంటే నాకు చచ్చేంత భయం. ఈ సంగతి ఒక్క నాకు తప్ప ఎవరికీ తెలీదు."

సబ్బు నురగ కింద మెకానిక్ ముఖం కూడా అదే రంగుకు వచ్చింది.

ఎందుకంటే ఆ మాట నిజం. అతను మేడ పైన మోటారు గదిలో పనిచేస్తాడు, అడుగున గుంటలోకి దిగి పనిచేస్తాడు. లోపల నిలబడి తలుపులు మూసుకోవడం మాత్రం అతని వల్ల కాదు. మరమ్మతు అయిపోగానే ఆ మేడవాళ్లనే ఎక్కించి, "మీరొకసారి పైదాకా వెళ్లి రండి, నేను కింద చెవిపెట్టి వింటాను" అంటాడు. జనం దాన్ని విద్య అనుకున్నారు. 'ఆయన ఎక్కక్కర్లేదు, చెవి ఆనిస్తే చాలు' అని పేరు మోగిపోయింది. ఆ పేరు చూసే కంపెనీ వాళ్లు వచ్చే నెల నుంచి కొత్త మెకానిక్కులకు పాఠాలు చెప్పే పని అతనికి అప్పగించారు. అసలు సంగతి బయటపడితే ఆ ఉద్యోగమూ ఉండదు, నలుగురిలో తలా ఎత్తుకోలేడు. అందుకే ఆ రహస్యాన్ని కట్టుకున్న భార్యకు కూడా చెప్పకుండా కడుపులో దాచుకున్నాడు. చెప్పని మాట ఆమె నోట ఎలా వచ్చింది? అదీ 'ఆయనకి భయం' అని కాదు, 'నాకు భయం' అని!

ముఖం కడుక్కుని వచ్చేసరికి సంచీ దాని చోట్లో ఉంది. భార్య మామూలుగా కాఫీ అందించి, అతని మెడకేసి తదేకంగా చూసింది.

"ఇరుకు గదిలో ఉంటే మీకు ముందు చెమట ఎక్కడ పడుతుందండీ?"

"ఎందుకే?"

"ఊరికే."

సగం కాఫీ వదిలేసి మెకానిక్ వీధిలో పడ్డాడు.

వీధి చివర మానసిక వైద్యుడి దగ్గర పనిచేసే కాంపౌండర్ అతనికి చిన్ననాటి స్నేహితుడు. ఏళ్ల తరబడి డాక్టరు గది తలుపు బయట కూర్చుని, లోపలి మాటలు సగం సగం విని సంపాదించిన వైద్యం ఆయనది. లిఫ్టు భయం సంగతి దాచి మిగతాదంతా చెప్పాడు మెకానిక్.

"ఇది నాకు కొట్టిన పిండిలాంటి జబ్బు," అన్నాడు కాంపౌండర్. "మీ ఆవిడ తనే నువ్వనుకుంటోంది. కాదని మాత్రం అనకు. అన్నావంటే ముదురుతుంది. ఒప్పేసుకో."

"ఒప్పుకుంటే మరి నేనెవర్ని?"

కాంపౌండర్ గడ్డం గోక్కున్నాడు. "ఆ ఇంట్లో ఇంకెవరెవరుంటారు?"

"ఎవరుంటారు? మేమిద్దరమే."

"అయితే లెక్క తేలిపోయిందిగా!"

ఏడంతస్తుల మేడలో పని ఎలా చేశాడో అతనికే తెలియదు. చివర్లో ఆ మేడ సెక్రటరమ్మ అలవాటు ప్రకారం తనే లిఫ్టెక్కి పైదాకా వెళ్లివచ్చి, "మీ చెవి మహిమే వేరండీ" అని మెచ్చుకుంది. అతను నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

మధ్యాహ్నం ఇంటికి వస్తూనే తిన్నగా వంటింట్లోకి వెళ్లి, స్వయంగా కాఫీ కలిపి, గ్లాసు రెండు చేతులా పట్టుకుని భార్య ముందు నిలబడ్డాడు.

"ఏమండీ, కాఫీ."

ఆమె తలెత్తింది. "ఏంటీ?"

"పొద్దుట్నుంచీ ఆ లిఫ్టులతో ఎంత అలిసిపోయారో ఏమో. కాళ్లు పట్టమంటారా?"

భార్య గోడదాకా వెనక్కి నడిచింది. అక్కణ్ణుంచి గదిలోకి పరిగెత్తి గడియ వేసుకుంది.  మందు వికటించిందనుకుని మెకానిక్ తలుపుకు చెవి ఆనించాడు. ఆ పనిలో అతన్ని మించినవాడు లేడు కదా! ఆమె ఫోనులో మాట్లాడుతోంది.

"మాస్టారూ, నేనేనండీ. ఇక్కడ పరిస్థితి బాగాలేదు. ఆయనకి అనుమానం వచ్చినట్టుంది... అవును, మీరు చెప్పిందే నిజం. ఇద్దరు 'నేను'లుంటే కుదరదు. ఒకర్ని తీసెయ్యాల్సిందే... బాధగానే ఉంటుందండీ, ఇన్నాళ్లు పెంచుకున్న మనిషి కదా... సరే, మొహమాటపడను. కత్తెర వేసేసి సాయంత్రం వస్తాను."

మెకానిక్‌కు ముచ్చెమటలు పోశాయి. ముందు మెడ వెనక పట్టాయి. ఇద్దరు 'నేను'లు! ఒకటి గది లోపల ఉంది, రెండోది బయట చెవి ఆనించి ఉంది. ఏది తీసేస్తారో అడగాల్సిన పని లేదు. పిల్లిలా నడిచి వెళ్లి ఇంట్లో ఉన్న కత్తులూ కత్తెరలూ చివరికి గోళ్లు తీసే కట్టరుతో సహా తన సంచీలో కుక్కి, సంచీని గుండెలకు హత్తుకుని, పెరటి గుమ్మంలో పారిపోవడానికి వీలుగా కూర్చున్నాడు. ఆ రోజు ఉల్లిపాయలు కోయకుండానే కూర వండింది ఆవిడ. కత్తి ఏదని అడగలేదు. అడగకపోవడం అతన్ని ఇంకా హడలగొట్టింది.

సాయంత్రం ఆమె చేతిసంచీ పట్టుకుని గుమ్మం దగ్గర ఆగింది. అతనికి ఆమడ దూరంలోనే ఆగింది.

"లైబ్రరీకి వెళ్లొస్తా. తలుపేసుకోండి."

"క్షేమంగా వెళ్లి రండి," అన్నాడు మెకానిక్, ఒళ్లో సంచీ వదలకుండా.

ఆమె దాదాపు పరుగు తీసింది. ప్రాణం మీది తీపి అతన్ని ఇంట్లోనే ఉండమంది. మతి చలించిన మనిషి ఒంటరిగా ఏ మాస్టారి చేతుల్లో పడిందోనన్న బెంగ మాత్రం చెప్పులు వేసుకోమంది. బెంగే నెగ్గింది. పారిపోవాలనుకున్న మనిషి దగ్గరికే ఇప్పుడు పరిగెడుతున్నాడు.

లైబ్రరీ అయిదో అంతస్తులో ఉంది. ఆమె లిఫ్టెక్కింది, తలుపులు మూసుకున్నాయి. అతను మెట్లెక్కాడు. పైకి చేరేసరికి ఊపిరి అందలేదు. రొప్పును చేత్తో నొక్కిపెట్టుకుని సంచీతో సహా పుస్తకాల బీరువా వెనక దాక్కున్నాడు.

బల్ల చుట్టూ పదిమంది దాకా కూర్చున్నారు. పొద్దుటి సెక్రటరమ్మ కూడా వాళ్లలో ఉంది. చివర ఒక మాస్టారు.

"కథలు రాయడం నేర్చుకునేవాళ్లు మళ్లీ ఒకసారి గుర్తుపెట్టుకోండి," అంటున్నాడాయన. "ఇంట్లో ఒక మనిషిని ఎంచుకోమన్నాను. వాళ్ల బట్టలు తొడుక్కుని, వాళ్లలా నడిచి, వాళ్ల మనసులో దూరి 'నేను' అంటూ రాయాలి. ఆ మనిషికి మాత్రం తెలియనివ్వకండి. తెలిస్తే నటించడం మొదలెడతారు." మాస్టారు మెకానిక్ భార్యవైపు తిరిగాడు. "మీ కథ సగం భర్త చెబుతున్నాడు, సగం భార్య చెబుతోంది. ఒక 'నేను'ని తీసేశారా?"

"భార్యని తీసేశానండీ."

బీరువా వెనక ఒక నిట్టూర్పు వినిపించింది గానీ ఎవరూ పట్టించుకోలేదు. మెకానిక్ హమ్మయ్య అనుకుని నేలమీద చతికిలబడ్డాడు. పిచ్చి లేదు, హత్య లేదు. ఉన్నదల్లా కథ. అప్పుడు గుర్తొచ్చింది అతనికి, ఆ కథలో ఏముందో. మళ్లీ లేచి నిలబడ్డాడు, ఈసారి అసలైన భయంతో.

ఆమె చదవసాగింది. "తలుపులు మూసుకుంటే నాకు ముందు మెడ వెనక చెమట పడుతుంది. అందుకే ఎక్కడికెళ్లినా మెట్లే ఎక్కుతాను. నా భార్య మోకాళ్లు నొప్పెడుతున్నా నాతోనే ఎక్కుతుంది. నడిస్తే మంచిదంటుంది. నా భయం ఆమెకి ఎప్పుడో తెలుసు. తెలుసన్న సంగతి నాకు తెలియదు."

 మెకానిక్ బీరువా అంచు పట్టుకున్నాడు. ఇన్నేళ్లుగా ఆ మెట్ల మీద తన పక్కన వినిపించిన ఆయాసం ఎవరిది? ఎందుకు? ఒక్కసారైనా తాను అడగలేదు.

"రెండు తప్పులున్నాయి," అన్నాడు మాస్టారు. "ఒకటి, లిఫ్ట్ మెకానిక్కే లిఫ్టంటే భయపడతాడా? పాత్ర నమ్మేలా లేదు. రెండు, 'నేను' అని కథ చెప్పేవాడు తనకి తెలియని సంగతి ఎలా చెబుతాడు? ఆ చివరి వాక్యం కొట్టెయ్యండి."

ఆమె తలొంచుకుని పెన్ను తీసింది. 

"కొట్టెయ్యకు!"

బీరువా వెనకనుంచి మెకానిక్ వచ్చాడు. సెక్రటరమ్మను చూశాడు, వచ్చే నెల ఉద్యోగాన్ని తలుచుకున్నాడు, అయినా ఆగలేదు.

"నేనే సార్ ఆ మెకానిక్‌ని. నాకు లిఫ్టంటే భయమే. చూడండి, అయిదంతస్తులూ మెట్లెక్కే వచ్చాను, ఇంకా రొప్పుతున్నాను. ఇక ఆ వాక్యం సంగతి... ఇందాకటిదాకా తప్పే. ఇప్పుడు నాకు తెలిసింది. అలాగే ఉండనివ్వండి."

సెక్రటరమ్మ నోరు తెరిచింది. "మరి మా లిఫ్టు ఇన్నాళ్లూ ఎవరు ఎక్కి చూస్తున్నట్టు?"

"మీరేనమ్మా," అన్నాడు మెకానిక్, తలొంచుకుని.

మాస్టారు కళ్లజోడు తుడుచుకుని అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "మీరు నిజమే కావచ్చండీ," అన్నాడు చివరికి. "కానీ నిజమైనంత మాత్రాన సరిపోదు. నమ్మేలా ఉండాలి."

తరగతి ముగిశాక ఇద్దరూ మెట్లు దిగడం మొదలుపెట్టారు. రహస్యం పోయినందుకు మెకానిక్‌కు ఒళ్లు తేలిగ్గా ఉంది. భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఆమె పట్టుకోనిచ్చింది. మూడో అంతస్తులో మోకాలు పట్టుకుని ఆగింది.

"ఇంతకీ మధ్యాహ్నం నన్ను ఏమండీ అన్నారు, కాళ్లు పడతానన్నారు. ఇంట్లో కత్తులన్నీ మీ సంచీలోనే ఉన్నాయి, ఇందాక బీరువా వెనక గలగలమన్నాయి." ఆమె అతని కళ్లలోకి సూటిగా చూసింది. "అసలు నా గురించి ఏమనుకున్నారు?"

మెకానిక్ భార్య ముఖం చూశాడు. పక్కనే తలుపులు తెరుచుకుని ఉన్న లిఫ్టును చూశాడు.

మిగతా అంతస్తులు అతను లిఫ్టులో దిగాడు.